ఒక్కసారి మోగిన గంట

నేరం చెయ్యలేదని మొత్తుకునేవాళ్లను నా సర్వీసంతా చూశాను. వాళ్లలో సగంమంది అబద్ధాలకోర్లు, మిగతా సగానికి మంచి వకీలు దొరకలేదు. కానీ "నేనే చంపాను, నన్ను వదిలెయ్యండి" అని మొండికేసిన మనిషిని ఎలా కాపాడాలో నాకెవరూ నేర్పలేదు.

స్టేషన్ వెనక గదిలో ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఉంది. అరచేతులు రెండూ కాయలు కాసి ఉన్నాయి. తీసుకొచ్చిన రోజు వేసుకున్న బట్టలే ఇంకా ఒంటిమీద ఉన్నాయి. మోచేతి దగ్గర పిండి మరక ఎండిపోయి అట్టకట్టింది.

"గంట మోగలేదు," అంది.

"మొదటి రోజు మోగిందన్నావు."

"భయమేసి అలా చెప్పాను."

"తెల్లారేసరికి భయం తీరిపోయిందా?"

ఆమె గోడవైపు చూసింది. అక్కడ ఒక మేకు తప్ప చూడ్డానికేమీ లేదు.

విషయం చాలా చిన్నది, అందుకే ఇంత ఘోరంగా ఉంది. ఊరి చివర పాడుబడ్డ నీటి మరను ఆ భార్యాభర్తలిద్దరూ ఏళ్ల తరబడి బాగుచేశారు. నీటి చక్రం తిరుగుతుంది, చక్రంతోపాటు లోపల రాళ్లు తిరిగి గింజలు పిండి అవుతాయి. అది చూడ్డానికి జనం వస్తారు. రోజూ పొద్దున చక్రం తిప్పేముందు భర్త చక్రం కింది గుంటలోకి దిగి, ఇరుక్కున్న కొమ్మా రెమ్మా ఏరేస్తాడు. భార్య కాలువ గట్టున తూము తలుపు దగ్గర నిలబడుతుంది. మధ్యలో రాతిగోడ అడ్డం, ఒకరికొకరు కనపడరు. గుంట పక్కనే ఆనకట్ట మీంచి నీళ్లు దూకుతుంటాయి కాబట్టి లోపలినుంచి కేకేసినా గట్టు మీదికి వినపడదు. అందుకని అతను పైకొచ్చాక తాడు లాగి గంట ఒక్కసారి కొడతాడు. అది విన్నాకే ఆమె తూము ఎత్తి చక్రం మీదికి నీళ్లు వదులుతుంది. నాలుగు రోజుల కిందట ఆమె తూము ఎత్తింది. అతనింకా గుంటలోనే ఉన్నాడు.

"మొగుడి మీద అంత కోపమా నీకు?"

"కోపమే."

"'ఈ మరలోనే పడి చావు' అన్నావట. పక్కింటివాళ్లు విన్నారు."

"అన్నాను."

"ఏ విషయంలో గొడవ?"

"అది మీకనవసరం."

చంపానని గడగడా ఒప్పుకున్న మనిషికి, ఎందుకు పోట్లాడిందో చెప్పడానికి ఇంత బెట్టెందుకో నాకు అంతుపట్టలేదు.

"మీ అత్తగారు నా కాళ్లావేళ్లా పడింది," అన్నాను. "'కొడుకు ఎలాగూ పోయాడు, కోడలినైనా నాకు తెచ్చిపెట్టు తల్లీ' అంది. ఆవిడకేం చెప్పమంటావు?"

అప్పుడు మొదటిసారి ఆమె నా కళ్లలోకి సూటిగా చూసింది. "అత్తయ్యకి ఏమీ చెప్పకండి. ఈ కేసు వదిలేసి వెళ్లిపోండి మేడమ్. మీకు దణ్ణం పెడతాను."

ఆ మాట అని మళ్లీ మేకువైపు తిరిగింది. పోలీసు కస్టడీ గడువు ఇవాళ్టితో అయిపోతుంది, మధ్యాహ్నం ఆమెను మళ్లీ కోర్టులో నిలబెడతారు. జడ్జిగారి ముందు కూడా ఇదే పాట పాడితే ఇక దేవుడు దిగొచ్చినా చేసేదేమీ లేదు. దానికి ముందు మర దగ్గరకు తీసుకెళ్లి, తూము ఎలా ఎత్తిందో ఆమె చేతే చేసి చూపించమంటారు. నాకున్న సమయం ఆ కాస్తే.

బయట కాపలా కానిస్టేబులమ్మను పట్టుకున్నాను. నేను పోలీసు ఉద్యోగం మానేసి ప్రైవేటుగా కేసులు చూడ్డం మొదలుపెట్టి చాలా కాలమైనా ఆ అమ్మాయి ఇంకా నన్ను చూస్తే కుర్చీలోంచి లేస్తుంది.

"ఈ నాలుగు రోజుల్లో ఈమెను చూడ్డానికి ఎవరొచ్చారు?"

"అత్తగారొక్కతే మేడమ్. మొదటి రోజు సాయంత్రం, క్యారేజీ పట్టుకుని."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏముంది, ఏడ్చింది. ఆవిడకి చెవుడు కదా, ఏడుపు కూడా గట్టిగానే. ఈ అమ్మాయే ఆవిణ్ణి ఓదార్చింది. మొగుడు పోయింది ఎవరికో నాకే తికమకైపోయింది."

"ఆ తర్వాత?"

"ఆవిడ వెళ్లిపోయాక ఈ పిల్ల గోడకానుకుని అలాగే కూర్చుండిపోయింది. ముద్ద కూడా ముట్టలేదు. తెల్లారగానే నన్ను పిలిచి, 'మళ్లీ రాసుకోండి, గంట మోగలేదు, కావాలనే ఎత్తాను' అంది."

అంటే రెండు మాటలకీ మధ్య జరిగింది ఒక్కటే. నాకు కేసు అప్పగించిన మనిషి వచ్చి ఏదో చెప్పి వెళ్లింది. కాళ్లు పట్టుకున్న చేతులే పీక కూడా పట్టుకోవడం ఈ వృత్తిలో నేను చూడని సంగతి కాదు. ముసలావిడ కోడలిని బెదిరించిందా? బెదిరించాక నన్నెందుకు పిలిచినట్టు? నలుగురిలో మంచి అనిపించుకోవడానికా?

*

మర వాకిట్లో ఆవిడ నాకు వీపు చూపించి నిలబడి ఉంది. గోడకి చిన్న ఇనప పెట్టె ఒకటి బిగించారు, దానికో ఎర్ర మీట. చూడ్డానికొచ్చినవాళ్లు మీట నొక్కితే రికార్డు చేసిన మాటలు వినపడతాయి. పోలీసులు తలుపుకి సీలు వేశారు గానీ, ఈ పెట్టె బయట ఉండబట్టి దాని జోలికి పోలేదు.

ఆవిడ మీట నొక్కింది.

"నమస్కారం! రండి రండి," అంది ఒక మగగొంతు, పెళ్లి పందిట్లో పిలిచినంత హుషారుగా. "గడప ఎత్తుగా ఉంటుంది, కాలు జాగ్రత్త. ఈ మర మా తాతకంటే పాతది, మా ఆవిడకంటే మొండిది. మాటిమాటికీ అలుగుతుంది, అయినా నన్ను ఒక్కరోజూ పస్తు పెట్టలేదు..."

ఆవిడ పెదవులు ఆ మాటల వెంటే కదులుతున్నాయి. అయిపోగానే మళ్లీ నొక్కింది. నేను భుజం మీద చెయ్యి వేసేదాకా వెనక్కి తిరగలేదు.

"మునుపు ఇక్కడికొస్తే చెవి మిషను తీసి అవతల పడేసేదాన్ని తల్లీ," అంది చెవి సర్దుకుంటూ. "నీళ్ల హోరుకి కీచుమని ఒకటే గోల. ఇప్పుడు వీడి గొంతు కోసం పెట్టుకుంటున్నాను. ఉన్నన్నాళ్లూ వాడి మాట విన్న పాపాన పోలేదు."

నాకు ఏడుపొచ్చింది. అయినా అడగాల్సింది అడిగాను. "స్టేషన్‌కి వెళ్లి కోడలికి ఏం చెప్పారు?"

"ఏం చెప్తాను? తినమని చెప్పాను."

"ఇంకా?"

"నా ఏడుపు నేను ఏడ్చాను. కన్నకొడుకు కింద నలిగిపోతుంటే నేను పైన కిటికీలో నిలబడి బాతులకి గింజలేస్తూ ఉన్నానని చెప్పుకున్నాను. వాడు అరిచే ఉంటాడు కదా! నాకా అరుపు వినపడలేదు. నాలాంటి చెవిటిదాన్ని ఎందుకు పుట్టించాడే దేవుడని..."

"కోడలిని ఏమైనా అన్నారా? ఒప్పుకొమ్మని గానీ, గట్టిగా గానీ?"

ఆవిడకు నా మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "దాన్నా? నేనా? నాకు ఆడపిల్లలు లేరు తల్లీ. అది ఇంట్లో కాలుపెట్టాకే నా జుట్టుకి ఒకరు నూనె రాయడం."

నన్ను నేను తిట్టుకున్నాను. ఈ మనిషి బెదిరిస్తే బాతులు కూడా బెదరవు. మరి ఏ మాట ఆ అమ్మాయి నోరు మూయించినట్టు?

అంతలో జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగాడు. ఎంత ఎండలో ఎంతసేపు నిలబడినా అతని చొక్కా మీద ముడత పడదు. డిపార్టుమెంటులో అందరం అతన్ని ఇస్త్రీ అనే పిలుచుకునేవాళ్లం. ఒకప్పుడు నా కింద పనిచేశాడు, ఆ సంగతి మరిచిపోవడానికి నేను కనపడ్డప్పుడల్లా గొంతు కాస్త పెంచుతాడు.

"వచ్చారా మేడమ్! మీ వకీలు అనుమతి తెచ్చుకున్నాడట. చూసుకోండి, తనివితీరా చూసుకోండి. నిందితురాలు దారిలో ఉంది, పది నిమిషాల్లో వచ్చేస్తుంది."

అతనే సీలు ఊడదీసి తలుపు తెరిచాడు.

*

ముందు చక్రం గుంట చూశాను. మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. కింద మోకాలి లోతు నీళ్లు, వాటి మీద చెక్క చక్రం. దాని రెండు రెక్కల మధ్య విరిగిన కొమ్మ ఇంకా అలాగే ఇరుక్కుని ఉంది. అతను దాన్ని లాగుతూ ఉండగానే నీళ్లు వచ్చిపడ్డాయి. ఎక్కువసేపు చూడలేకపోయాను.

మెట్లపైన గోడకి ఒక కొయ్య ఉంది. గంట తాడు దానికి చుట్టి, చివర ముడివేసి ఉంది. తాడు మీద సాలెపురుగు గూడు కూడా కట్టడం మొదలుపెట్టింది.

"చూశారా?" అన్నాడు ఇస్త్రీ నా వెనకే నిలబడి. "ముందురోజు చుట్టిన తాడు చుట్టినట్టే ఉంది. మొదట ఇక్కడికొచ్చిన కానిస్టేబులు ఫొటో కూడా తీశాడు. చచ్చిపోయినవాడు ముడి విప్పలేదు. ముడి విప్పకపోతే తాడు లాగలేదు. తాడు లాగకపోతే గంట మోగలేదు. మరి గంట విన్నానని మొదట ఎలా చెప్పింది?"

"నువ్వే చెప్పు."

"అబద్ధం చెప్పింది. తాడు సంగతి తెలిసి దొరికిపోయాననుకుని నిజం ఒప్పుకుంది. లోకంలో అందరూ చేసేదే! మీరు దాన్ని తలకిందులు చేసి చూస్తానంటే నా దగ్గర అంత టైము లేదు."

"తాడు సంగతి ఆమెకి మొదటి రోజు మధ్యాహ్నమే చెప్పావు కదా. అప్పుడెందుకు ఒప్పుకోలేదు? సాయంత్రందాకా గంట మోగిందనే అంది."

"మనస్సాక్షి అన్నది ఒకటుంటుంది మేడమ్. అది మన టైము ప్రకారం పనిచెయ్యదు."

"నీకు దాని గురించి బాగా తెలిసినట్టుందే!"

"వెటకారం ఎందుకు? ఒక మనిషి పోయాడు. లారీ కింద పడ్డవాడికి కూడా అంతకంటే మంచి చావు వస్తుంది. ఆ పెద్దావిడ మిమ్మల్ని నమ్ముకుంది. లేని ఆశ పెట్టి ఆవిణ్ణి రెండోసారి చంపకండి."

ఇస్త్రీ చెడ్డవాడు కాడు. తనకు కనపడ్డదాన్ని గట్టిగా పట్టుకుంటాడు, అంతే. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే.

బయటికొచ్చి గంట చూశాను. కాలువవైపు గోడకి, రెండో అంతస్తు కిటికీ పక్కన వేలాడుతోంది. పెద్ద చెంబంత ఉంటుంది. దాని నాలుకకి గుంట మెట్ల దగ్గర్నుంచి వచ్చే తాడు కట్టి ఉంది. నా చూపు గంటకంటే దాని వెనక గోడ మీద నిలిచింది. మోగినప్పుడల్లా గంట అంచు రాసుకుని సున్నం మీద తుప్పురంగు గీత పడింది. ఆ గీతకి, ఇప్పుడు గంట ఉన్నచోటుకీ జానెడు తేడా ఉంది. గంట కిందికి దిగింది.

"ఇది జారింది," అన్నాను.

"పాత సామాను కదా, జారుతుంది," అన్నాడు ఇస్త్రీ. "నా మోకాళ్లు కూడా జారుతున్నాయి, కేసు పెట్టమంటారా?"

నేను గంట పైభాగం చూశాను. గంట పైకప్పు కొక్కేనికి లేదు. ఒక తోలు పట్టీకి వేలాడుతోంది. ఆ పట్టీ చిన్న కప్పీ మీంచి వెళ్లి, గోడకున్న కంతలోంచి లోపలికి పోతోంది. ఆ గోడ వెనక ఏముందో చూడాలని మెట్లెక్కాను.

*

పై అంతస్తులో అంతా పిండి. అడుగు వేస్తే అచ్చు పడుతుంది. గది మధ్యలో నడుము ఎత్తున పెద్ద చెక్క పెట్టె ఉంది, పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. దాని పక్కనే కిటికీ. కిటికీ చట్రం మీద నాలుగైదు గింజలు, ఒక రేకు డబ్బా. కింద చెరువులో బాతులు తిరుగుతున్నాయి. నేను కిటికీలో కనపడగానే అరుస్తూ ఇటువైపు ఈదుకొచ్చాయి, మొహం చూసి మళ్లీ వెనక్కి తిరిగాయి.

ఇక్కడ కూడా గోడకి ఒక ఇనప పెట్టె, ఎర్ర మీట. ఇస్త్రీ మనుషులు ఈ గదిని మూడుసార్లు సోదా చేశారట. మీట మాత్రం ఎవరూ నొక్కినట్టు లేదు, దాని మీద పిండి చెక్కుచెదరలేదు.

నొక్కాను.

"ఇది గింజల పెట్టె," అంది అతని గొంతు, వెనక ఎవరో నవ్వుతున్నారు. "ఇందులోంచి గింజలు సన్నగా జారి కింద తిరిగే రాయి మీద పడతాయి. గింజలు అయిపోయి రాళ్లు ఒట్టినే తిరిగాయనుకోండి, ఒకదానికొకటి రాసుకుని నిప్పులు లేస్తాయి. గాల్లో పిండి ఉంటుంది కదా, మర మొత్తం భగ్గుమంటుంది. అందుకే పాతవాళ్లు ఒక కిటుకు పెట్టారు. పెట్టె అడుగున తోలు పట్టీ ఉంది, దాని రెండో కొసకి గోడ అవతల గంట కట్టి ఉంది. గింజల బరువు ఉన్నంతసేపు పట్టీ కదలదు. గింజలు తగ్గాయా, పట్టీ జారిపోతుంది, గంట దబ్బున దిగి ఠంగుమంటుంది. పెట్టె నింపరా బద్ధకస్తుడా అని దానర్థం! అందుకే పొద్దున్నే నా మొదటి పని ఈ పెట్టె నింపడం."

గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు. "గుంటలోంచి పైకొచ్చాక నేను మోగించేదీ ఈ గంటే. మా ఆవిడ ఇంకోటి కొనమని పోరుతోంది, ఎప్పుడో కొంప మునుగుతుంది అంటుంది. పాత మరలో ఒక్క గంటే ఉండేదండీ. నేను మర బాగుచేశాను గానీ కొత్త మర కట్టలేదు కదా! పదండి, ఇక కిందికి."

పెట్టె అంచు పట్టుకుని లోపలికి వంగాను.

లోపల అడుగున కొన్ని గింజలే ఉన్నాయి. ముందురోజు పెద్ద గుంపు వచ్చిందని, సాయంత్రందాకా మర ఆడిందని మొదటి రోజు వాంగ్మూలంలో ఉంది. పొద్దున చక్రంలో కొమ్మ కనపడి అతను నేరుగా గుంటలోకి దిగాడని కూడా ఉంది. అంటే ఆ ఒక్క పొద్దునా పెట్టె నింపలేదు. అడుగున మిగిలిన గింజల మధ్య ఒక గుంట ఉంది, సరిగ్గా చిన్న చెయ్యి దూరి పిడికిలి నింపుకున్నంత గుంట. ఆ గుంటలో తోలు పట్టీ కొస బయటపడి ఉంది.

తాడు ఎవరూ లాగలేదు. గంట మోగింది. ఇస్త్రీ చెప్పిందీ నిజమే, కోడలు మొదట చెప్పిందీ నిజమే. కింద కొడుకు కొమ్మ లాగుతూ ఉండగా, పైన తల్లి చెవి మిషను లేకుండా నిలబడి, బాతుల కోసం ఒక పిడికెడు గింజలు తీసింది. బాతులకి గింజలేస్తున్నానని ఆవిడ ఏడ్చిన ఆ సాయంత్రమే కోడలికి అంతా అర్థమైపోయింది. పోట్లాడింది కూడా రెండో గంట కోసం. ఆ గొడవ సంగతి చెబితే గంట దగ్గరికి, గంట దగ్గర్నుంచి గింజల దగ్గరికి ఎవరైనా వచ్చేస్తారని నోరు కుట్టేసుకుంది.

కేసు ముడి విడిపోయింది. ఇలాంటప్పుడు నాకు ఒంట్లో ఒక వేడి పుడుతుంది, దానికోసమే ఇన్నేళ్లూ ఈ పని చేశాను. ఇవాళ అది రాలేదు.

ఇన్‌స్పెక్టరు నమ్మాలంటే కళ్లతో చూడాలి. పట్టీ లోపలికి లాగాను, బయట గంట పైకెళ్లింది. గుంట పూడ్చి, గింజలు పట్టీ మీదికి కుప్పగా తోశాను. అప్పుడెలా ఉందో అలాగే, పట్టీ నిలిచీ నిలవనట్టు ఉంది. ఇస్త్రీని పిలిచి, అతని ఎదుటే ఒక పిడికెడు తీసి చూపిస్తే చాలు. కానీ కిటికీలోంచి చూస్తే కానిస్టేబులమ్మ ఆ అమ్మాయిని తూము దగ్గరకు నడిపిస్తోంది. ముందు ఆమెతో ఒక్కమాట మాట్లాడాలనిపించింది. పెట్టె అలాగే వదిలేసి దిగాను.

*

"ఆ పొద్దున గంట మోగింది," అన్నాను ఆమె పక్కన నిలబడి, నీళ్లను చూస్తూ. "గింజలు తగ్గి మోగింది."

ఆమె కళ్లు మూసుకుంది. "మెల్లగా. అత్తయ్య మిషను పెట్టుకుని ఉంది." కళ్లు తెరిచి, "మీకెవరు చెప్పారు?" అంది.

"నీ మొగుడే. మీట నొక్కితే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఆయనకి నోరు ఆగదు మేడమ్."

"ఒక తప్పూ చెయ్యకుండా జైలుకి పోతావా?"

"తూము ఎత్తింది ఈ చేతులే కదా."

"ఆవిడకి నువ్వు తప్ప ఎవరున్నారు?"

"నేను లోపలుంటే, నా మీద కోపంతో అయినా నాలుగేళ్లు బతుకుతుంది. ఈ సంగతి తెలిస్తే ఒక్క పూట బతకదు. మీరే చెప్పండి, ఏ కన్నతల్లికైనా ఈ మాట ఎలా చెప్తారు?"

"ఆవిడ నీ మీద కోపంగా లేదు. నువ్వు ఇంటికొస్తావని కూర్చుంది."

"వస్తుంది, కోపం. నెమ్మదిగా వస్తుంది. రానివ్వండి."

ఆనకట్ట నీళ్లు మోగుతూనే ఉన్నాయి. ఈమెను విడిపించే నిజం నా చేతిలో ఉంది, అది బయటపెడితే నన్ను పంపిన మనిషి బతకదు. నోరు మూసుకుంటే ఈమె బతుకు నాశనం. ఎటు తిరిగినా గోడే. అప్పుడు పాడు బుర్రకి ఒక దారి తోచింది.

"ఎలకలు," అన్నాను.

"ఏంటి?"

"గింజలు ఎలకలు తిన్నాయి. తినీ తినీ అడుగంటించాయి, పట్టీ జారింది. మరలో ఎలకలుండవా? నేను ఇస్త్రీకి పెట్టె చూపిస్తాను, గంట ఎలా మోగుతుందో చూపిస్తాను. నువ్వు బాతుల మాట ఎత్తకు. నేనూ ఎత్తను."

నాలుగు రోజుల తర్వాత ఆ మొహంలోకి రక్తం వచ్చింది. "నమ్ముతారా?"

"వాళ్ల స్టేషన్లో ఫైళ్లన్నీ ఎలకలే తిన్నాయి. ఎందుకు నమ్మడు?"

నా చెయ్యి పట్టుకుంది. కాయలు కాసిన వేళ్లు నా మణికట్టుకి గరుగ్గా తగిలాయి. నా జీవితంలో అబద్ధం చెప్పడానికి అంత సంతోషంగా ఎప్పుడూ సిద్ధపడలేదు. ఇస్త్రీ గంట కింద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. రమ్మని చెయ్యి ఊపబోయాను.

నా చెయ్యి పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి.

ఆమె చెరువువైపు చూస్తోంది. బాతులన్నీ ఒకదాని వెనక ఒకటి గోడ కిందికి ఈదుకుపోతున్నాయి. ఈసారి వెనక్కి తిరగలేదు, మెడలెత్తి కిటికీకేసి అరుస్తున్నాయి. వాటికి తెలిసిన మనిషే కనపడింది. నాలుగు రోజులుగా సీలు వేసిన తలుపు ఇవాళ తెరిచి ఉంది. లోపలికెళ్లకుండా ఆవిణ్ణి ఆపాలని నాకు తట్టలేదు, ఇస్త్రీకీ తట్టలేదు.

"అత్తయ్యా!" అని అరిచింది ఆమె, గొంతు చిరిగేలా. "అత్తయ్యా, వద్దు! గింజలు తియ్యకండి!"

ఆవిడకి వినపడింది. కిటికీలోంచి తొంగిచూసింది, "ఏంటమ్మా?" అంటూ. పిడికిలి అప్పటికే నిండింది.

గంట ఇస్త్రీ నెత్తిమీద జానెడు దిగి, ఒక్కసారి ఠంగుమంది.

నా పక్కన కోడలి చేతులు రెండూ వాటంతటవే తూము పిడి మీదికి వెళ్లాయి. ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది. ఇస్త్రీ గంటను చూశాడు, దాని తాడును చూశాడు, ఆమె చేతులను చూశాడు. "తాడు నేను ముట్టుకోలేదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. ఆ తర్వాత తలెత్తి కిటికీలో ఉన్న పిడికిలిని చూశాడు. అతనికి కూడా అర్థమైంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆవిడ కిందికి రావడానికి చాలాసేపు పట్టింది. మేమెవరం కదల్లేదు. పిడికిలి అలాగే బిగించి, గట్టు మీద నడుచుకుంటూ వచ్చి కోడలి ఎదుట నిలబడింది.

"ఆ రోజు నువ్వు విన్నది ఇదేనా?"

"కాదత్తయ్యా. నేనేమీ వినలేదు. గంట మోగలేదు."

"గింజలు తియ్యొద్దన్నావు కదే ఇప్పుడు."

నేను నోరు తెరిచాను. ఎలకలు అనబోయాను. ఆవిడ నావైపు తిరిగి పిడికిలి విప్పింది. గింజలు అరచేతికి అంటుకున్నాయి, కొన్ని నీళ్లలో పడ్డాయి, బాతులు వాటి కోసం కొట్టుకున్నాయి.

"కోడలిని తెచ్చిపెట్టమన్నాను," అంది. "తెచ్చావు తల్లీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది, అప్పగించిన పని చేసిపెట్టిన మనిషితో అన్నట్టే. ఆ తర్వాత చెవిలోంచి మిషను తీసి నా చేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది.

కోడలు ఆవిణ్ణి రెండు చేతులా పొదివి పట్టుకుని, "మీ తప్పు కాదత్తయ్యా, మీ తప్పు కాదు," అంటూనే ఉంది. ఆవిడ నీళ్లవైపు చూస్తోంది. మిషను నా పిడికిట్లో సన్నగా కీచుమంటోంది.